గాలి పోని బట్ట

శాంతమ్మ పోయింది మార్చి నెలలో ఒక మంగళవారం. ఆ పొద్దు ఆమె కూతురు చైత్ర వర్తూరులోని తన బడిలో ఏడో తరగతి పిల్లల చేత సమాజశాస్త్రం పరీక్ష రాయిస్తూ ఉంది. పదీ యాభైకి బల్ల మీద ఫోను వణికింది. తెర మీద అమ్మ అని చూసింది, చూసి బోర్లా తిప్పి పెట్టింది, ఎందుకంటే పరీక్ష గదిలో ఫోను ముట్టకూడదని పిల్లలకు చెప్పింది తనే, ఎందుకంటే అమ్మ ఆ వేళకు ఫోను చేసేది వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మనో, గ్యాసువాడు వచ్చిపోయాడనో చెప్పటానికే. పదీ యాభై ఆరుకు మళ్ళీ వణికింది. పదకొండూ పదకొండుకు మళ్ళీ. బోర్లా పడుకున్న ఫోను చెక్క మీద చేసే ఆ చప్పుడుకు మొదటి వరుసలోని పిల్ల తలెత్తి చూస్తే, నువ్వు రాయమ్మా అని చెయ్యి ఊపింది. పన్నెండు గంటలకు అన్నానికని వంటింట్లోకి వెళ్ళిన చైత్ర నాయన నాగరాజుకు భార్య గట్టు కింద పక్కకు ఒరిగి కనిపించింది. ఒక అరగంట ముందు తెచ్చుంటే, అన్నాడు డాక్టరు, ఎవరి ముఖమూ చూడకుండా. ఆ అరగంటను చైత్ర ఏడు నెలలుగా మోస్తోంది. వర్తూరు నుంచి తను పరుగెత్తుకు రావాల్సిన పని కూడా లేదు. ఫోను ఎత్తి, పక్కింటి రత్నమ్మకు ఒక్క మాట చెప్పుంటే చాలు. గోడకు గోడ, రెండు నిమిషాల పని.

ఇప్పుడు అక్టోబరు, ఆదివారం, సాయంత్రం నాలుగు. కబ్బన్‌పేట సందులో, ఇంటి కింది హాల్లో, చైత్ర నేల మీద కూర్చుని స్క్రూడ్రైవరు కొనతో పిన్నులు పీకుతోంది. ముందర ఒక చెక్క చట్రం, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. చట్రం నిండా రాతిని కరిగించి దూదిలా తీసిన పరుపు. దాని మీద లాగి బిగించిన బట్ట అమ్మ చీర, వంకాయ రంగుది, కొంగు వైపు ముక్క. ఇలాంటివి పన్నెండు. పదకొండింటికి చీర ముక్కలు తీసేసి, వెలుతురుకు పెడితే అవతల వేళ్ళు కనిపించే పల్చటి తెల్ల నూలు బట్ట తొడిగి, చప్పుడును పీల్చే ఈ చట్రాలు చేసే ఓంకార్ పొద్దుటి నుంచి ఒక్కొక్కటే గోడకు ఎక్కించాడు. ఇది మిగిలింది. ‘ఒక్కటే కదా మేడమ్, పిన్నులు మీరు పీకి పెట్టండి, రేపు వచ్చి కొట్టేస్తా, ఒక్కటి లేకపోయినా రూమ్‌కి ఏం కాదు’ అని హెబ్బగోడిలోని తన షెడ్డుకు వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక ఆమె హాలు నడిమిన నిలబడి ఒకసారి చప్పట కొట్టింది. చప్పట చేతుల దగ్గరే ఆగిపోయింది. గోడల దాకా పోయిందేమో, తిరిగి రాలేదు. ఇంకోసారి కొట్టకుండా స్క్రూడ్రైవరు తీసుకుని నేల మీద కూర్చుంది. గది సిద్ధమైపోయింది. అయిదింటికి నాయన వస్తాడు. గది సిద్ధమైన రోజే ఆ ఫోన్ల సంగతి చెబుతానని తనకు తాను మాటిచ్చుకుంది, మాటిచ్చినప్పుడు గది ఇంత తొందరగా సిద్ధమవుతుందనుకోలేదు.

పిన్ను వంకర తిరిగి ఊడింది. పట్టులో రెండు రంధ్రాలు మిగిలాయి, పాము కాటులా పక్కపక్కన. ఈ హాల్లో ఆరు కరెంటు మగ్గాలు ఉండేవి. ఆ చప్పుడును ఏ మాటతో చెప్పినా చిన్నదే అవుతుంది; అది చెవితో వినేది కాదు, పళ్ళలో, మోకాళ్ళలో, పాలగ్లాసులో వినేది. ఎనిమిదేళ్ళ పిల్లగా ఆమె ఈ గుమ్మంలో నిలబడి చూసేది, నాయన ఆ మూల మగ్గం దగ్గర, అమ్మ ఈ మూల కండెలు చుడుతూ, ఇద్దరి నడుమ అంత మోత, అయినా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళు. గొంతు లేకుండా. పెదాలతో. అమ్మ పెదాలు కదిపితే నాయన నవ్వేవాడు, తలాడించేవాడు, ఒకసారి కోపం తెచ్చుకుని వేలు చూపించాడు కూడా. మగ్గాల దగ్గర బతికిన వాళ్ళందరికీ వచ్చిన విద్య అది. ‘నాక్కూడా నేర్పమ్మా’ అంటే, ‘నీకెందుకే ఈ మూగమాట, నువ్వు ఇస్కూల్లో గట్టిగా మాట్లాడే పని చేద్దువు, సుమ్నె, గమ్మున పో’ అని గుమ్మం అవతలికి తోసి తలుపేసేది. గట్టిగా మాట్లాడే పనే చేసింది. ఇరవై ఏళ్ళుగా నలభై మందికి వినపడేలా మాట్లాడుతోంది. ఒక్కడికి వినపడేలా మాట్లాడటం రాలేదు. నాయన చెవులు మగ్గాలతోనే పోయాయి, మెల్లగా, ఎవరూ తేదీ రాసిపెట్టుకోలేనంత మెల్లగా. అమ్మ పెదాలు ఉన్నంత కాలం పోయినట్టు ఆయనకూ తెలియలేదు. మగ్గాలు అత్తిబెలె ఊరివాళ్ళు కొనుక్కుపోయాక హాలుకు సిమెంటు పూసి, నున్నటి పలకలు పరిపించాడు, శుభ్రంగా ఉంటుందని. ఆరు మగ్గాల చోటు ఖాళీ. ఒక గిన్నె జారితే నాలుగు గిన్నెలు జారినట్టు మోగేది.

అబద్ధం మాత్రం ఎంత సులభంగా వచ్చింది. పదకొండో రోజు పనులయ్యాక, చుట్టాలు వెళ్ళాక, ఇదే హాల్లో నాయన అమ్మ ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ‘చూడు. ఆ పొద్దు ఎవురికన్నా చేసిందేమో. నాకీ గుండీలు అర్థం కావు.’ చూసింది. పైనే ఉంది, తన పేరు, పక్కన మూడు అంకె. తలెత్తేసరికి నాయన ముఖం ఎదురుగా, కళ్ళు పెద్దవి చేసుకుని, దాహం వేసినవాడిలా. చెయ్యి అటూ ఇటూ ఊపింది. లేదు. అంతే. ఒక్క మాట లేదు, ఒక్క చప్పుడు లేదు, ఎంత చెవిటివాడికైనా తెలిసే సైగ. అబద్ధానికి అరచెయ్యి చాలింది, నిజానికి మాటలు కావలసి వచ్చాయి. ఆ రాత్రే ఆ మూడూ చెరిపేసింది. తను ఆడిన దాని బరువు నాలుగో రోజుకు గానీ తెలియలేదు. నాయన కుర్చీని వంటింటి గుమ్మం పక్కకు జరుపుకున్నాడు. ఎవరికీ ఫోను చేయలేదంటే, ఇంక ఆమె పిలిచింది ఆయననే. లోపలి నుంచి పిలిచుంటుంది, అరిచుంటుంది, ఆయన పది అడుగుల దూరంలో పేపరు చూస్తూ కూర్చునుంటాడు. లెక్క ఆయన తనే వేసుకున్నాడు, ఎవరూ వేసి చూపించలేదు. ‘పిలిచే ఉంటాది’ అన్నాడు ఒకరోజు ముద్ద మధ్యలో, పళ్ళెం పక్కకు జరిపి. చైత్ర మజ్జిగ పోసింది. చైత్ర మజ్జిగ పోసింది, అంతకన్నా ఏం చేసింది ఆ పూట? ఇంకేమీ చేయలేదు.

పదేళ్ళు అమ్మ బతిమాలితే పెట్టుకోని చెవి మిషన్లు ఆమె పోయిన నెలకు తనే అడిగి పెట్టించుకున్నాడు. పడుకునేటప్పుడు కూడా తీయడు. ‘తీయండి నాయనా, చెవి పుండవుతుంది’ అని కాగితం మీద రాసి చూపిస్తే, ‘ఎవురన్నా పిలిస్తే’ అన్నాడు. ఆ ఇంట్లో పిలిచేవాళ్ళు ఎవరున్నారు, తను తప్ప. మిషన్లు పెట్టిన హరిణి అనే అమ్మాయి ఒకరోజు ఇంటికే వచ్చి, హాల్లో నిలబడి చప్పట కొట్టి, తల ఎత్తి, అది గోడ నుంచి గోడకు పోతూ ఉంటే ఎవరినో సాగనంపుతున్నట్టు విన్నది. మిషన్‌లో తప్పు లేదు మేడమ్, రూమ్‌లో ఉంది, అంది. మీరు ఒక మాట అంటే ఆయన చెవికి ఏడెనిమిది మాటలు వస్తాయి, ముందుది అయిపోకముందే వెనకది వచ్చి పడుతుంది, మిషన్ అన్నిటినీ పెద్దవి చేస్తుంది, పాపం దానికి ఏది అసలుదో తెలియదు. శబ్దాన్ని పీల్చుకునే ప్యానెల్స్ పెట్టిస్తే, ఇదే మిషన్‌తో ఆయనకు మీ మాట మాటగా వినపడుతుంది. అప్పుడే అనుకుంది, అయితే ఆ గదిలో చెబుతాను. అరిచి చెప్పే మాట కాదు కదా, అరిస్తే సందంతా వింటుంది, రత్నమ్మ వింటుంది. కాగితం మీద రాసే మాటా కాదు. రాసి చూసింది, మూడుసార్లు, కన్నడంలో, ఆయనకు చదవటం వచ్చింది అదే. చూసుకుంటే సెలవు చీటీలా ఉంది, చింపేసింది. ప్యానెల్స్ రానీ. కానీ లాల్‌బాగ్‌కు తీసుకెళ్ళిన ఆ ఆదివారం సంగతి ఏమిటి? ఆరుబయట గోడలు లేవు, గడ్డి, ఆకులు, ఆమె మామూలుగా మాట్లాడితే ఆయన మామూలుగా జవాబిచ్చాడు, అరగంట పాటు. అరగంట పాటు ఆమె చామంతుల గురించి మాట్లాడింది. గది నెపం. గోడలు నెపం. గోడలకు బట్ట తొడిగేదాకా ఆగటం కూడా నెపమేనని పిన్ను పీకే ప్రతిసారీ చెక్క చిన్నగా కిర్రుమంటూ చెబుతోంది.

మొదటిసారి ఓంకార్ చట్రాలు తెచ్చిన రోజు నాయన ముఖంలో ఏడు నెలలలో ఒక్కసారి రంగు వచ్చింది. చట్రం మీదికి బట్ట కావాలని అర్థమై లోపలికి వెళ్ళి అమ్మ పెట్టెలోంచి మూడు చీరలు తెచ్చాడు, మూడూ తను నేసినవే, వంకాయ రంగుది, నెమలికంఠం, మిరపపండు ఎరుపు. ఓంకార్ ఒక మడత నోటికి అడ్డం పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, బట్ట కదలలేదు. చెయ్యి అటువైపు పెట్టి చూసి, ‘గాలి పోవట్లేదు సర్’ అని తల అడ్డంగా ఊపాడు. నాయనకు మాట వినపడలేదు, ఊదటం మాత్రం బాగా తెలుసు. నేతగాడి పరీక్ష కదా అది. ఒక్కసారిగా ఛాతీ విరుచుకుని, ‘ఎట్ల పోతాదప్పా? గాలి పోతే ఇంక నేను నేసిందేమి, దోమతెరనా?’ అన్నాడు. ఓంకార్ నవ్వి, ‘అయ్యో సర్, మాకు దోమతెరే కావాలి. గాలి పోతేనే సౌండ్ లోపలికి పోయేది. ఇది గోడకే గోడ తొడిగినట్టు ఉంటాది’ అన్నాడు చైత్ర వైపు తిరిగి. నాయన అప్పటికే నేల మీద చీర పరిచి, అంచు కలిపి, కత్తెర పట్టుకున్నాడు. చీరను నాలుగు ముక్కలు చేయటానికి ఆయన చెయ్యి ఒక్కచోట కూడా ఆగలేదు. అమ్మ నేల మీదో, పెట్టెలోనో ఉండటం ఆపి గోడల మీదికి వస్తుందనుకున్నాడో ఏమో. చైత్ర ఓంకార్‌తో, ఉండనివ్వండి, ఆయన ఇష్టం, అంది. అది దయ అనుకుంది అప్పుడు. గది బాగుపడకుండా ఉండటానికి తనకు ఇంకొన్నాళ్ళు గడువు దొరుకుతుందని లోపల ఎవరో లెక్క వేసుకున్నారని ఇప్పుడు తెలుస్తోంది. బిగువైన పట్టు, నిండు జరీ. హాలు పెళ్ళిపందిరిలా మెరిసింది, మోగటం ఎప్పటిలాగే మోగింది. ‘బాగుండాదా నాయనా?’ అని సైగ చేస్తే, ‘బాగుండాది, బాగుండాది’ అన్నాడు. మూడు వారాలూ బాగుండాది అనే అన్నాడు. మొన్న బుధవారం ఆమె వెనక నుంచి నాయనా అని పిలిస్తే, ఆయన ఉలిక్కిపడి లేచి వంటింటి వైపు పరుగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు. గుమ్మం పట్టుకుని నిలబడి, ఖాళీ గట్టును చూసి, మెల్లగా వెనక్కి తిరిగాడు. పిలుపు అన్ని గోడల నుంచీ వస్తే ఆయన ఎప్పుడూ ఆ ఒక్క వైపే పోతాడు. ఆ రాత్రి ఆమె ఓంకార్‌కు ఫోను చేసి, తెల్ల బట్ట తెండి, ఎంత వదులుది దొరికితే అంత వదులుది, అంది.

ఆఖరి పిన్ను. బట్ట చట్రం మీద నుంచి ఒళ్ళోకి జారింది, కొంగు కొసన పసుపు మరక, అమ్మ చెయ్యి తుడుచుకున్నది. నాలుగూ నలభై. మాట సరిచూసుకోవాలి. నాయనా, ఆ పొద్దు అమ్మ నాకు మూడుసార్లు ఫోను చేసింది. నేను చూసి కూడా ఎత్తలేదు. మీరు అడిగితే లేదన్నాను. ఇందులో ఏ మాట తీసేయవచ్చు? పిల్లల కాగితాలలో ఎర్ర గీత గీసినట్టు ఒక్కొక్క మాట మీద గీత గీసి చూసింది, ఏదీ పోదు. ‘చూసి కూడా’ అన్నది తీసేస్తే వాక్యం హాయిగా నిలబడుతుంది, అందుకే తీయకూడదు. తర్వాత ఏమంటాడు? కొడతాడా, ఎప్పుడూ కొట్టలేదు. ఇంట్లోంచి పొమ్మంటాడా. అంటే బాగుండు. పొమ్మనకుండా, అట్లనా అని ఊరుకుంటే? లేదా ఇంకో లెక్క వేసుకుంటే: పక్క గదిలో నేను ఉండంగా ఆమె నీకు ఎందుకు చేసింది, నాకు వినపడదని తెలిసే కదా చేసింది? ఆ లెక్క కూడా ఆయనే వేసుకుంటాడు, ఎవరూ వేసి చూపించనక్కరలేదు. చెప్పినా ఆయన బరువు పూర్తిగా దిగదు, కొంత దిగుతుంది, ఆ కొంత ఎంతో చైత్రకు తెలియదు, ఆ కొంతే కదా ఆయన ముద్ద, ఆయన నిద్ర, ఆయన చెవి పుండు మానటం. ఈ మధ్య గంజి కూడా సగమే తాగుతున్నాడు. మణికట్టు మీద గడియారం మోచేతి దాకా జారుతోంది. ఇంకెంత కాలం ఆగుతుంది తను, మాట నున్నగా అయ్యేదాకానా? అమ్మా, నువ్వయితే పెదాలు కదిపితే అయిపోయేది. నాకా మూగమాట నేర్పకుండా తలుపేశావు.

బయట ఆటో ఆగింది. మగ్గాలు కొన్న అత్తిబెలె వాళ్ళు, నేతలో జకార్డు పువ్వు సరిగ్గా పడటం లేదు, మీ చెయ్యి పడాలి అని పొద్దున వచ్చి బతిమాలి తీసుకెళ్ళారు. అమ్మ పోయాక ఆయన గడప దాటి అంత దూరం పోవటం ఇదే. గుమ్మంలో నిలబడ్డాడు, చొక్కా మీద దూది నలుసులతో, మగ్గాల పాత వాసనతో. గోడలు చూశాడు. ఆమె ఒళ్ళో వంకాయ రంగు చూశాడు, మూలన మడిచి పెట్టిన మిగిలిన ముక్కలు చూశాడు.

‘తీసేసినావా’ అన్నాడు. అని ఆగిపోయాడు. తన గొంతు తన దగ్గరే ఉండిపోవటం ఆయనకు వినపడింది. చెవి మీద చెయ్యి పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. దగ్గరి చట్రం ముందుకు వెళ్ళి తెల్ల బట్టకు నోరు ఆనించి ఊదాడు. ‘ఏం నేత ఇది! మీ తాత చూసుంటే మగ్గం ముందర నిలబెట్టి చెవి మెలిపెట్టుండేవాడు.’

చైత్ర లేవలేదు. ఉన్నచోటు నుంచే, హాలు ఆ చివర నుంచి, ఇంట్లో మనిషి ఇంట్లో మనిషితో అన్నట్టు అంది, ‘కాపీ పెట్టేదా నాయనా?’

‘పెట్టు. చక్కెర స్వల్పం వెయ్యి’ అన్నాడు, చట్రం వైపే చూస్తూ, వెనక్కి తిరగకుండానే. ఆ తర్వాత తిరిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన మిషన్‌ను వేలితో తాకి చూసుకున్నాడు. ‘మామూలుగా చెప్పినావు కదా? అరవలేదు కదా?’

‘అరవలేదు.’

వంటింటి గుమ్మం పక్కనున్న తన కుర్చీ దాకా నడిచి, కూర్చోకుండా దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. లోపల గట్టు మీద కొళాయి చుక్క పడింది. ఆయన అటు తిరిగాడు. ఇంకో చుక్క. ఆ చుక్క కూడా ఆయనకు వినపడుతోంది. ‘చైత్రా’ అన్నాడు, ‘ఈ మిషన్లు, ఈ అట్టలు ఆ పొద్దు ఉండుంటే, మీ అమ్మ పిలిచింది నాకు వినపడుండేది. ఇన్నాళ్ళు చెవులు పోయినాయి అనుకుంటా ఉన్నా. చెవులు ఉండాయి. గదికి ఇంత బట్ట కట్టుంటే సరిపోయేది. నేతగాన్ని నేను. నాకు బట్టకు కరువా?’

గది ఆ మాటను పూర్తిగా తాగేసింది. ఇప్పుడు. ఇంతకన్నా మంచి గది ఇంకొకటి ఉండదు, ఇంతకన్నా అవసరమైన నిమిషం ఇంకొకటి రాదు. నాయనా అని నోరు తెరిచింది, ఆ పొద్దు అమ్మ, అన్నంత వరకు పెదాలు కదిలాయి, గొంతు రాలేదు.

‘ఏమన్నావు?’ ఆయన ఆమె పెదాల వైపు ముందుకు వంగి, కళ్ళు చిన్నవి చేసి, మగ్గాల నాటి చూపుతో చూశాడు. ‘సగం ఆపేసినావు. చెప్పు, ఇప్పుడు వినపడతా ఉండాది.’

‘ఏమీ లేదు’ అంది చైత్ర. అది కూడా ఆయనకు స్పష్టంగా వినపడింది.

ఆమె లేచి, చీర ముక్కను నాలుగు మడతలు వేసి మిగిలిన వాటి మీద పెట్టి, కాఫీ పెట్టటానికి లోపలికి వెళ్ళింది. పన్నెండో చట్రం బట్ట లేకుండా గోడకు ఆనించి ఉంది, దాన్ని రేపు ఓంకార్ వచ్చి ఎక్కిస్తాడు. అమ్మ తనకు మూడుసార్లు ఫోను చేసిందన్న సంగతి ఆమె ఇంకా నాయనకు చెప్పలేదు.